కట్టిన చెయ్యి

నిన్న ఉదయం మదనపల్లెలో మా పశువుల ఆసుపత్రికి, హార్స్‌లీ హిల్స్ దారిలోని ఒక ఊరి నుంచి ఒకాయన గొర్రెపిల్లను తువ్వాలులో చుట్టుకుని తెచ్చాడు. ముందుకాలు విరిగింది. అప్పటికే ఎవరో నాటుకట్టు కట్టారు. కత్తెరతో ఆ గుడ్డ కోస్తుంటే ఎండిన కోడిగుడ్డు తెల్లసొన, మా వైపు ఉద్దిపిండి అనే మినప్పిండి, ఉన్ని కలిసిన పులిసిన వాసన ముక్కుకు తగిలి, నా చెయ్యి ఆగిపోయింది. పిల్ల ఏమవుతుందోనని నేను భయపడుతున్నాననుకున్నాడేమో, ఆయనే నాకు ధైర్యం చెప్పాడు. "మీ హస్తవాసి మంచిదంట మేడం. అందుకే ఇంత దూరం తెచ్చినా" అన్నాడు. ఆ మాటకు ఎవరైనా సంతోషించాలి. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టు ఉంటుంది. ఆ హస్తవాసి నాది కాదు. పుంగనూరు పక్క ఒక ఊళ్లో గంగులప్ప అనే మనిషి దగ్గర నేను దాన్ని నేర్చుకున్నాను, తరవాత లాక్కున్నాను.

ఆ ఊరు చౌడేపల్లె వైపు ఉంది. పేరు ఇక్కడ అవసరం లేదు. డిప్లొమా ముగించాక, గ్రామ సచివాలయంలో పశువుల అసిస్టెంటుగా నాకు మొదటి ఉద్యోగం వచ్చింది అక్కడే. మాది పెద్దపంజాణి దగ్గర కూలి కుటుంబం. మా అమ్మ ఊళ్లోవాళ్ల టమోటా తోటల్లో కాయలు కోసి నన్ను చదివించింది. మా ఇంట్లో నెలజీతం ఎరిగినవాళ్లలో నేనే మొదటిదాన్ని. ప్రొబేషను దాటేదాకా ఎవరితోనూ మాట పడవద్దని అమ్మ రోజూ ఫోన్లో చెప్పేది. చేరిన వారానికే ఒకతను కాలు విరిగిన గొర్రెపిల్లను తెచ్చాడు. పుంగనూరు ఆసుపత్రికి తీసుకుపొమ్మని చీటీ రాసిచ్చాను. అతను చీటీ మడిచి జేబులో పెట్టుకుని, నా కళ్లముందే గంగులప్ప ఇంటి దారి పట్టాడు. నాకు ఒళ్లు మండింది. ఆ నాటువైద్యుడెవరో చూసి నాలుగు మాటలు అని వద్దామని వెనకాలే వెళ్లాను.

గంగులప్పకు అప్పటికే అరవై దాటాయి. రేకుల ఇల్లు, దాని పక్కన ముళ్లకంప వేసిన చిన్న దొడ్డి, దొడ్లో నాలుగు గొర్రెలు. పొద్దున కూలికి పోయేవాడు, సాయంత్రం విరిగిన కాళ్లు కట్టేవాడు. కట్టినందుకు ఎవరి దగ్గరా ఏమీ తీసుకోడు. తీసుకుంటే చెయ్యి పనిచెయ్యదని నమ్మకం. నాటువైద్యం ఎంత ప్రమాదమో నేను చెప్పిందంతా నోట్లో ఆకు నములుతూ విన్నాడు. తరవాత, "అయిపాయనా పాపా? అయితే ఈ పిల్ల తల పట్టుకో. తల్లి కనపడేటట్టు పట్టు, లేకుంటే బెదురుతాది" అన్నాడు. అలా పట్టుకున్నదాన్ని, ఆ ఏడాదంతా పట్టుకుంటూనే ఉన్నాను.

ఆయన మెచ్చుకోలు ఎరగని మనిషి. విరిగిన కాలు కంటే ముందు పిల్ల కడుపు చూడాలనేవాడు. నిలబడలేని పిల్లకు పాలందవు, రెండు రోజులు తాగకపోతే తల్లి దాని వాసన మరిచి దగ్గరికి రానివ్వదు. అందుకని పిల్లను చేతులతో ఎత్తి పొదుగు కింద పట్టుకోవాలి, రోజుకు నాలుగైదు సార్లు. కొత్త చుడీదారుతో దొడ్లో మోకాళ్ల మీద కూర్చోవడానికి నేను వెనకాడితే ఒకటే మాట అన్నాడు: "నీకు జీతమిచ్చేది గొర్రెలే గదా పాపా. పెంటికలు అంటితే ఏం పోతాది?" ఆ మాట మీద నాకు వారం రోజులు కోపం. కానీ కూర్చున్నాను. ఎముకను వేళ్లతో వెతికి, లాగి, సరిగ్గా కూర్చోబెట్టడం, గుడ్డ చుట్టి, వెదురు దబ్బలు నాలుగు వైపులా పెట్టి, ఉద్దిపిండి పూసి కట్టడం, అన్నీ మెల్లగా నా చేతికి వచ్చాయి.

రెండు విషయాల్లో మాత్రం ఆయన రాజీపడేవాడు కాడు. కట్టు ఎంత కిందికి వచ్చినా గిట్టల కొసలు బయట ఉండాలి. రోజూ పొద్దున్నే వాటి మధ్య వేలు పెట్టి చూడాలి. వెచ్చగా ఉంటే కాలు బతికి ఉన్నట్టు, చల్లబడితే వెంటనే విప్పాలి. బాగున్నా సరే, ఐదో రోజు విప్పి మళ్లీ కట్టాలి. "పిల్ల పెరగతా ఉంటాది, కట్టు పెరగదు" అనేవాడు. రెండోది, కట్టిన చెయ్యే విప్పాలి. ఊళ్లోవాళ్లు దాన్ని హస్తవాసి అనుకునేవారు. ఒకరోజు నేను నవ్వుతూ అడిగితే కారణం చెప్పాడు. యాడ బిగించినామో, యాడ వదిలినామో కట్టినోళ్లకే తెలుస్తాది, ఇంకోళ్లకు గుడ్డ మాత్రమే కనపడతాది అన్నాడు. అంతకంటే ముఖ్యం, కట్టి వదిలేసి పోయేవాడికి కట్టే హక్కు లేదన్నాడు.

రెండో ఏడు టమోటా కోతల్లో, ఆటోలోంచి క్రేటు జారి రెడ్డెమ్మ గొర్రెపిల్ల మీద పడింది. రెడ్డెమ్మది ఆ ఊళ్లోనే చిన్న సేద్యం. మంద కట్టాలని ఆశపడి కొన్న గొర్రెకు పుట్టిన మొదటి ఆడపిల్ల అది. పిల్లనూ తల్లినీ గంగులప్ప దొడ్లో వదిలి ఆమె మళ్లీ కోతకు పోయింది. గంగులప్ప కాలు తడిమి చూసి, వెదురు దబ్బలు నా చేతికిచ్చాడు. "ఇది నీది" అన్నాడు. ఆయన నోట నేను విన్న ఒకే ఒక్క పొగడ్త అది. నా మొదటి కట్టు అందంగా ఉండాలనుకున్నాను. ఆఫీసు నుంచి తెచ్చిన తెల్ల బ్యాండేజీతో, దుమ్ము పోకుండా గిట్టలు కూడా కలిపి చుట్టేశాను. ఫోన్లో ఫోటో తీసుకున్నాను. "గిట్టలు మూసేస్తివే" అన్నాడు. పొద్దున్నే వచ్చి కొసలు వదులుతానని చెప్పాను. ఆ సాయంత్రమే, మర్నాడు కుప్పంలో ట్రైనింగుకు రమ్మని ఫోన్ వచ్చింది. తెల్లవారి మొదటి బస్సుకు వెళ్లిపోయాను.

నాలుగో రోజు గంగులప్ప ఫోన్ చేశాడు. గిట్టలు చూసేకి లేదు, పిల్ల పాలకు లేయలేదు అన్నాడు. ఎల్లుండి వచ్చి నేనే విప్పుతాను, మీరు ముట్టుకోవద్దు, అది నా కట్టు అని చెప్పాను. ఆయన మాటే ఆయనకు అప్పజెప్పాను. ఎల్లుండికి ట్రైనింగు అయిపోయింది. కానీ కాలేజీలో నాతో చదివిన స్నేహితురాలి ఊరు కుప్పమే, రెండు రోజులుండి పొమ్మంది. ఉన్నాను. ఏడో రోజు మళ్లీ ఫోన్. "వాసన వస్తాండాది పాపా. విప్పేదా?" అన్నాడు. పిండి పులిసిన వాసనేలే తాతా, రేపు వస్తున్నా అన్నాను. నేను ఆ కట్టుకు ఉద్దిపిండి పూయనే లేదు. పూయలేదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఇప్పటికీ ఆయన మీద నాకొక కోపం ఉంది. విప్పి ఉండొచ్చు కదా! నా మాట కాదని ఒక్క కొడవలి గాటు పెట్టి ఉండొచ్చు కదా! పట్టినపట్టు విడవని మనిషి. కానీ ఆ పట్టును నా సౌకర్యానికి వాడుకున్నది నేను.

వచ్చి విప్పితే, కాలు మోకాలి కిందంతా నల్లగా చచ్చిపోయి ఉంది. పుంగనూరు నుంచి డాక్టరును పిలిపించాను. కాలు తీసెయ్యక తప్పదన్నారు. ఆ పని జరుగుతుంటే ఊరు సగం దొడ్డి చుట్టూ చేరింది. రెడ్డెమ్మ ఏడుస్తూ గంగులప్పను తిట్టసాగింది. ఆయన దొడ్లో ఆయనకు అప్పగించిన పిల్ల, ఇంకెవరు కట్టారనుకుంటుంది! ఎవరు కట్టారిది అని డాక్టరు నన్నే అడిగారు. అందరూ గంగులప్ప వైపు చూశారు. గంగులప్ప నా వైపు చూశాడు. ఇంకా ఐదు నెలలుంది నా ప్రొబేషను. మా అమ్మ గుర్తొచ్చింది, టమోటా కసరు పట్టి నల్లబడిన ఆమె వేళ్లు గుర్తొచ్చాయి. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. డాక్టరు నా మౌనాన్నే జవాబుగా తీసుకుని, రిజిస్టరులో రాయమన్నారు. నాటుకట్టు వల్ల అని నా చేత్తోనే రాశాను. ఆ రాత్రి ఫోన్లోంచి ఆ కట్టు ఫోటో తీసేశాను.

నాటువైద్యుడే చెడగొట్టాడు కాబట్టి వాడినే సాక్కోమని రెడ్డెమ్మ ఆ పిల్లను ఆయన దొడ్లోనే వదిలేసింది. ఆయన సాకాడు. తరవాత ఎవరూ ఆయన దగ్గరికి పిల్లను తేలేదు. అందరూ నా దగ్గరికే వచ్చారు. నేను ఆయన నేర్పినట్టే కట్టేదాన్ని, గిట్టలు బయటపెట్టి, ఐదో రోజు విప్పి. ఒక్కటీ చెడలేదు. పదిహేను రోజులకు ధైర్యం చేసి ఆయన ఇంటికి వెళ్లాను. గుమ్మంలో కూర్చుని, వాడే పని లేకపోయినా వెదురు చీలుస్తున్నాడు. క్షమించు తాతా అన్నాను. తల ఎత్తలేదు.

"నాకు చెప్పేది యాల? నాకు తెలిసిందే గదా. ఊరికి చెప్పు."

ప్రొబేషను ముగియగానే చెప్తానన్నాను. "సరే, అయినాకనే చెప్పు" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే నమ్మాడు. మూడు కాళ్ల పిల్ల గెంతుకుంటూ వచ్చి నా చున్నీ కొస నోట పట్టుకుంది. దాన్ని విడిపించుకుని వచ్చేశాను.

ప్రొబేషను ముగిసింది. ఇప్పుడు చెబితే రిజిస్టరు సంగతి బయటికొస్తుందని ఆగాను. తరవాత మదనపల్లెకు బదిలీ వచ్చింది, వెళ్లేముందు చెబుదామనుకున్నాను. వెళ్లే రోజు ఊరివాళ్లు నాకు శాలువా కప్పారు. గంగులప్ప రాలేదు. కిందటేడు రెడ్డెమ్మే ఫోన్ చేసి, ఆయన పోయాడని చెప్పింది. "మంచోడేమ్మా పాపం. కడాకు చెయ్యి చెడిపాయ, అంతే" అంది. అప్పుడైనా నోరు తెరిచి ఉండొచ్చు. ఆ మూడు కాళ్ల గొర్రె ఏమైందని అడిగాను. అమ్మేసినారంది.

నిన్నటి పిల్లకు మళ్లీ నేనే కట్టు కట్టాను. గిట్టల మధ్య వేలు పెట్టి చూశాను, వెచ్చగా ఉంది. ఐదో రోజు ఆదివారం పడింది. అయినా నేనే వచ్చి విప్పుతానని పిల్లను తెచ్చినాయనకు మాటిచ్చాను, వస్తాను కూడా. గంగులప్ప నేర్పినవన్నీ చేస్తున్నాను, ఆయన అడిగిన ఒక్కటి తప్ప. ఇప్పుడు ఇదంతా మీకు చెప్పాను. మీలో ఎవరూ ఆయన్ను చూసినవాళ్లు కారు. ఆయన చెప్పమన్నది మీకు కాదు. గంగులప్ప అనే పేరు మా వైపు ఊరికొకరికి ఉంటుంది కాబట్టే రాశాను. రాసింది మొదటి నుంచి చదువుకుని చూశాను. ఊరి పేరు ఎక్కడా లేదు.