గుప్పెడు కడుపు

డెబ్బయిల చివర్లో, ఆళ్లగడ్డలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే రోజుల్లో నాకు కడుపు ఆపరేషన్ జరిగింది. అప్పటికి పెళ్లయి కొన్నేళ్లయింది. పిల్లలు లేరు. ఇంట్లో ముగ్గురమే: నేను, సేద్యం చేసుకునే నా భర్త, మా అత్త. కడుపులో మంట చాలాకాలంగా ఉండేది. కారం తినేవాళ్లందరికీ ఉండేదే అనుకుని ఓర్చుకున్నాను. ఒకరోజు పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తూ ఉండగా కళ్లు చీకట్లు కమ్మాయి. బయటికి వచ్చి గోడ పట్టుకుని వాంతి చేసుకుంటే రక్తం పడింది. ఆయన నన్ను బస్సులో నంద్యాల తీసుకుపోయారు.

అక్కడి డాక్టరు కడుపులో పుండు ముదిరిందన్నారు. పుండున్న భాగం తీసేసి, మిగిలినదాన్ని పేగుకు కలిపి కుట్టారు. ఇంటికి పంపే రోజు మంచం పక్కన నిలబడి పిడికిలి మూసి చూపించారు.

"ఇంక నీ కడుపు ఇంతేనమ్మా. మామూలుగా తింటే పట్టదు. కొంచెం కొంచెం, మాటిమాటికీ తినాల. బాగా నమలాల. తినేటప్పుడు నీళ్లు తాగొద్దు. తిన్నాక కాసేపు పండుకో."

ఇంకా ఏవో చెప్పారు. నా చెవికి ఎక్కలేదు. నేను ఆయన పిడికిలి వంకే చూస్తున్నాను. పక్కనే ఉన్న మా అత్త కూడా అదే చూసింది. బస్సులో కూర్చున్నాక తన పిడికిలి మూసి, తెరిచి, మళ్లీ మూసి, "ఇంతేనా?" అని తనలో తనే అనుకుంది.

మా అత్త చేసే సంగటి ముద్ద ఆ పిడికిలికి నాలుగింతలు ఉంటుంది. ఇంటికి వచ్చిన మరుసటి రోజు మధ్యాహ్నం ఆమె నాకు అందులో చిన్న ముక్క తుంచి, పప్పు పోసి పెట్టింది. ఆకలిగానే ఉంది. రెండు మూడు సార్లు నోట్లో పెట్టుకున్నానో లేదో రొమ్ము మధ్యలో ఏదో అడ్డం పడినట్టయింది. నిండడమంటే కడుపు బరువెక్కడమని నాకు తెలుసు. ఇది కడుపులో కాదు, గొంతు కింద. ఎక్కిళ్లు మొదలయ్యాయి. నోట్లో నీళ్లూరాయి. లేచి పెరట్లోకి పరిగెత్తాను.

"నమిలినావా?" అంది అత్త వెనకాల నుంచి.

"సంగటి ఎవరన్నా నములుతారా అత్తా? మింగడమే కదా."

ఆమె ఆలోచించి, "అదీ నిజమే," అంది.

ఆకలి సంగతి ఇంకా అయోమయం. ఇదివరకు ఆకలైతే కడుపులో కాలినట్టుండేది, తెలిసిపోయేది. ఇప్పుడు కడుపు ఏమీ చెప్పదు. ఉన్నట్టుండి చేతులు వణుకుతాయి, చాక్‌పీసు జారిపోతుంది, ఊరికే ఏడుపొస్తుంది. ఏమైందో అర్థంకాక కూర్చుంటే, కాసేపటికి తెలిసేది అది ఆకలని. తింటే రొమ్ము పట్టేస్తుంది, తినకపోతే చేతులు వణుకుతాయి. మధ్యలో ఎక్కడ ఆగాలో చెప్పేవాళ్లు లేరు.

అదీగాక మా ఇంట్లో ఆడవాళ్లు కడాన తినడం అలవాటు. మగవాడు తిని లేచాక అత్త తింటుంది, అత్తతో కలిసి నేను. అందులో ఎవరి బలవంతమూ లేదు. ఇప్పుడేమో నేను అందరికంటే ముందు తినాలి, అందరితో తినాలి, అందరూ తిన్నాక మళ్లీ తినాలి. పొద్దున ఆయన చేను నుంచి వచ్చేసరికి నేను పళ్లెం ముందు కూర్చుని ఉండేదాన్ని. సిగ్గుతో పళ్లెం వెనక్కి జరిపేదాన్ని. ఆయన ఏమీ అనేవారు కాదు. ఏమీ అనకుండా కాళ్లు కడుక్కోవడానికి పోతే, కోపమొచ్చిందేమో అనుకునేదాన్ని.

మరో చిక్కు ప్రార్థన. మాది క్రైస్తవ కుటుంబం. ముద్ద ముట్టే ముందు కళ్లు మూసుకుని దేవునికి స్తోత్రం చెప్పుకోవాలి. మూడు పూటలా తినేవాళ్లకు అది తేలిక. నేను రెండు ఉడికిన అలసందలు నోట్లో వేసుకోవడానికి కూడా కళ్లు మూసుకునేదాన్ని. ఒకరోజు మా అత్త చూసి చూసి అంది:

"ఊరికే పిలుస్తాంటే దేవునికి ఇంగేం పని ల్యాదనుకున్యావా? పొద్దున ఒకసారి చెప్పుకో, దినమంతటికీ సరిపోతాది."

నవ్వాను గాని, అట్లా చేయవచ్చునో కూడదో తేల్చుకోలేకపోయాను. పాస్టరమ్మను అడుగుదామనుకుని, ఇది కూడా అడిగే సంగతేనా అని మానుకున్నాను.

బడిలో మధ్యలో గంట కొట్టగానే బల్ల సొరుగులోంచి జొన్నరొట్టె ముక్క తీసి, పిల్లలకు వీపు పెట్టి, నల్లబల్ల వైపు తిరిగి నమిలేదాన్ని. "టీచరమ్మ తింటాంది" అని వెనక గుసగుసలు వినిపించేవి.

ఆ ఏడు చర్చిలో కోత పండుగ వచ్చింది. పంటలు ఇంటికి చేరాక సంఘమంతా కలిసి ప్రార్థన చేసి, ఆవరణలో భోజనాలు చేస్తాం. నేను కావాలనే కొంచెం అన్నం పెట్టించుకున్నాను. తక్కువైందని ఎవరో బాధపడి లోటా నిండా పాయసం పోశారు. పాయసం మెత్తగా ఉంటుంది, నమలక్కర్లేదు, దీనితో భయం లేదని గడగడా తాగేశాను.

లోటా కింద పెట్టిన కాసేపటికి గుండె దడదడ కొట్టుకోసాగింది. ముఖం వేడెక్కింది. ఒళ్లంతా చెమట, రవిక తడిసిపోయింది. కడుపులో పేగులు సుళ్లు తిరిగాయి. చచ్చిపోతున్నాననే అనుకున్నాను. ఆడవాళ్లు పట్టుకుని చర్చి గోడ నీడలో చాప మీద పండబెట్టారు. పాస్టరమ్మ వంగి నా చెవి దగ్గర మెల్లగా అడిగింది.

"ఏం మే, నీళ్లోసుకున్నావా?"

నేను లేదనలేదు, అవుననలేదు. ఆ ప్రశ్నతో ఒక సంగతి గుర్తొచ్చింది. ఆపరేషన్ అయినప్పటి నుంచీ నాకు నెలసరి సరిగా రావడం లేదు. రెండు నెలలుగా అసలే లేదు. కడుపు కోసిన తర్వాత ఇట్లాగే ఉంటుందేమో అని వదిలేశాను. ఇప్పుడు ఇన్ని ముఖాలు నా మీదికి వంగి చూస్తుంటే, నాకే అనుమానం పుట్టింది. తల తిరగడం, వాంతులు, తిన్నాక పడుకోవాలనిపించడం, ఊరికే ఏడుపు రావడం. బిడ్డ కడుపులో పడ్డవాళ్లకు ఇవే కదా ఉంటాయి? పొట్ట కడుపు చిన్నదైతే బిడ్డ కడుపు కూడా చిన్నదవుతుందా? రెండూ ఒకటేనా, వేర్వేరా? నేను పిల్లలకు శరీర భాగాలు చెప్పే టీచర్ని. ఆ చాప మీద పడుకుని నాకేమీ తెలియదని తెలుసుకున్నాను.

మా అత్త మాత్రం నిర్ధారణ చేసేసుకుంది. మరుసటి రోజు బిందె తీసుకుని బోరింగు దగ్గరికి పోబోతే చేతిలోంచి లాక్కుంది.

"నువ్వు ఎత్తొద్దు. నేను తెస్తా."

"అత్తా, ఇంకా ఏం తెలీదు. ఆపరేషన్‌ది కూడా కావచ్చు."

"ఆపరేషన్ అయి ఎన్ని నెలలాయె! నాకు తెల్దా? నేను కనలేదా?"

ఆ రోజు నుంచి ఆమె నాకు బలం కోసం పెట్టిన తిండికి లెక్కలేదు. పొద్దున బెల్లం కలిపిన పాలు, బడికి పోయే ముందు నువ్వుల ఉండ, సాయంత్రం చక్కెర వేసిన సజ్జ జావ. పెట్టేటప్పుడు ఆమె ముఖంలో ఉండే వెలుగు నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు. తాగనని ఎట్లా చెప్పగలను? తాగేదాన్ని. కాసేపటికి గుండె దడ, చెమటలు, కళ్లు తిరగడం. నేను గోడకు ఆనుకుని కూలబడితే ఆమె కొంగుతో విసురుతూ, "వేవిళ్లు మే, అంతే. మా అమ్మకు కూడా ఇట్లనే అయ్యేదంట," అని ఇంకో ముద్ద బెల్లం తెచ్చేది. నేను ఎంత కుంగిపోతే ఆమె నమ్మకం అంత గట్టిపడింది. ఆమె నమ్మకాన్ని చూసి నాదీ గట్టిపడింది. ఒక్కోసారి స్నానం చేస్తూ కుట్ల మచ్చ మీద, దాని కిందా చేయి పెట్టుకుని చూసేదాన్ని. ఏదో కదిలినట్టుండేది. పేగులేనని ఒక మనసు చెప్పేది. ఇంకో మనసు వినేది కాదు.

ఆయనతో ఒకసారి అన్నాను, "ఒళ్లు చిక్కిపోతోంది. రవికలన్నీ వదులవుతున్నాయి. కడుపుతో ఉన్నవాళ్లు ఇట్లా చిక్కుతారా?"

ఆయన, "నంద్యాలకు పోయి చూపించుకో. అమ్మను తోడు తీసుకుపో," అన్నారు.

శనివారం నేనూ అత్తా బస్సెక్కాం. ఆమె కిటికీ పక్కన కూర్చోబెట్టి, దారి పొడుగునా నా మోకాలు మీద చేయి వేసి కూర్చుంది, కుదుపులకు నేను ఎక్కడ అదిరిపోతానో అన్నట్టు. ఆసుపత్రిలో ఆమె బయట బల్ల మీద ఉండిపోయింది. లోపల ముందు లేడీ డాక్టరు పరీక్ష చేసింది. తర్వాత నా ఆపరేషన్ చేసిన డాక్టరు వచ్చి కూర్చున్నారు.

"ఏమేం తింటాండావు తల్లీ?"

చెప్పాను. పాలు, బెల్లం, ఉండలు, జావ. ఆయన తల పట్టుకున్నారు.

"తీపి తగ్గించమని చెప్పినా గదా?"

చెప్పే ఉంటారు. నేను పిడికిలి వంక చూస్తున్నప్పుడు చెప్పి ఉంటారు.

ఆయన ఓపిగ్గా మళ్లీ మొదటి నుంచి చెప్పారు. కడుపులో తిండి నిలిచే చోటు తగ్గిపోయింది. తీపి నీళ్లలాంటిది ఏది తాగినా ఆగకుండా ఒక్కసారే పేగులోకి దిగిపోతుంది. దానికే ఆ దడ, ఆ చెమటలు. నెలసరి ఆగింది ఒంట్లో బలం పోయినందుకు. బిడ్డ లేదు. తిండి కుదురుకుని ఒళ్లు చేస్తే మళ్లీ మామూలవుతుంది.

నేను తలూపాను. ప్రాణానికి ప్రమాదం లేదని సంతోషించాలా, బిడ్డ లేదని ఏడవాలా తెలియలేదు. ఎప్పుడూ లేని బిడ్డ పోయినందుకు ఏడిస్తే దాన్ని ఏమంటారో కూడా తెలియలేదు. ఆ గదిలోంచి బయటికి వచ్చేసరికి చేతులు వణుకుతున్నాయి. అది దుఃఖమో ఆకలో నేను చెప్పలేను.

అత్త లేచి నిలబడింది. "ఏమన్నారు?"

"లేదంట అత్తా. తీపి తిన్నందుకే అట్లయితాందంట. తీపి తినగూడదంట."

ఆమె మళ్లీ బల్ల మీద కూర్చుంది.

"అయితే నిన్ను ఇట్ల చేసింది నేనేనా?"

"నువ్వేం చేసినావు? నాకు చెప్పింది నేను వినల్యా."

"బెల్లం పెట్టి పెట్టి..." అని ఆగిపోయింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత గొంతు మార్చి, గట్టిగా అడిగింది. "సరే. తీపి వద్దంటే ఏం తినాలంట? అది కనుక్కున్యావా?"

కనుక్కోలేదు. ఆమె నన్ను అక్కడే వదిలి, చెప్పులు బయట విడిచి డాక్టరు గదిలోకి తానే పోయింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. లోపలి నుంచి ఆమె గొంతు వినిపిస్తోంది. "రొట్టె పెట్టొచ్చునా? గుడ్డు? మాంసం? మజ్జిగ ఎప్పుడు పొయ్యాల, బువ్వకు ముందరా ఎనకా?" డాక్టరు ఒక్కోదానికి జవాబు చెబుతున్నారు. అంతసేపు అడిగిన రోగి బంధువు ఆయనకు మరొకరు దొరికి ఉండరు.

తిరుగు బస్సులో ఆమె చేయి నా మోకాలు మీద లేదు. అది నాకు తెలుస్తూనే ఉంది. ఆళ్లగడ్డ దగ్గరపడుతుండగా పక్కకు తిరక్కుండానే, "రేపట్నించి నువ్వు నా కంటే ముందు తినల్ల. సిగ్గుపడితే నాకు కోపం వస్తాది," అంది.

మరుసటి రోజు ఆమె అరచేతిలో పట్టేటంత జొన్నరొట్టెలు తట్టింది. పెద్ద రొట్టెలు తట్టిన చేతికి అవి లొంగలేదు, అంచులు విరిగిపోయాయి. విరిగిన వాటిని తాను తిని, గుండ్రంగా వచ్చింది నాకు పెట్టింది. ఉడికిన గుడ్డు, పలచటి పప్పు. ఎదురుగా కూర్చుని, "నములు, ఇంగా నములు," అంటూ నా దవడల వంక చూసింది. అంత నమిలితే జొన్నరొట్టె కూడా తియ్యగా అవుతుందని నాకు అప్పుడే తెలిసింది. ఇది కూడా కూడదేమోనని కాసేపు భయపడ్డాను.

ఆ పొద్దున ఆయన చేను నుంచి వచ్చి, నేను పళ్లెం వెనక్కి జరపబోతుంటే, "తిను," అని వచ్చి పక్కన కూర్చున్నారు. కోపం లేదు. ఎప్పుడూ ఉండలేదట. నేను తినేటప్పుడు చూస్తే నాకు కష్టంగా ఉంటుందని పక్కకు పోయేవారట.

ఏడాది తిరిగేసరికి కాస్త ఒళ్లు చేశాను. నెలసరి మామూలైంది. పిల్లలు మాత్రం కలగలేదు. ఆ మాట మా అత్త మళ్లీ ఎత్తలేదు. ఎత్తకపోవడం ప్రేమో, ఆశ వదులుకోవడమో నేను అడగలేదు. చేతుల వణుకు రాకముందే తినడం నేర్చుకున్నాను. బడిలో పిల్లల వైపు తిరిగే తినసాగాను. కొన్నాళ్లకు వాళ్లు పట్టించుకోవడం మానేశారు. పెళ్లిళ్లకు పోతే మాత్రం కష్టం. విస్తరిలో వదిలేస్తే వడ్డించినవాళ్లు నొచ్చుకుంటారు, తింటే నేను పడిపోతాను. ఇంతకంటే తినలేనని చెప్పి ఒప్పించడానికి పట్టే సమయంలో భోజనం అయిపోయేది.

ఎనభైల మొదట్లో ఒక వేసవిలో ఆయన పని మీద బనగానపల్లెకు పోయి మామిడిపండ్లు తెచ్చారు. ఇల్లంతా వాసన. నేను ఆపరేషన్ తర్వాత మామిడిపండు ముట్టలేదు. ఆ మధ్యాహ్నం ఎందుకో ఆగలేకపోయాను. ఒక పండు కోసి, చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కా నములుతూ తిన్నాను. అత్త చూసింది. వద్దనలేదు. చాప తెచ్చి నా వెనక పరిచి, విసనకర్ర పట్టుకుని సిద్ధంగా కూర్చుంది.

పండు అయిపోయింది. ఇద్దరం ఎదురుచూశాం. గుండె మామూలుగానే కొట్టుకుంటోంది. చెమట పట్టలేదు, అది మే నెల కాబట్టి అందరికీ పట్టినంత తప్ప. ఇంకాసేపు చూశాం. ఏమీ కాలేదు. తర్వాతి వారం సగం పండుకే కళ్లు తిరిగి ఆ చాప మీదే పడ్డాను. అప్పుడెందుకు పడ్డానో, ఆ మొదటి రోజు ఎందుకు పడలేదో నాకు ఇప్పటికీ తెలియదు. కాని ఆ రోజు, ఏమీ కాని ఆ రోజు, అత్త విసనకర్ర కింద పెట్టి నా ముఖంలోకి చూసింది.

"ఏమన్నా అయితాందా?"

"ఏం కాలా."

"ఇంగో పండు కోయాల్నా?"

"వద్దత్తా. భయమైతాంది."

"అట్లయితే నాకు కోయ్," అంది.