బండల ఫ్యాక్టరీ విలువ

ప్రొద్దుటూరులో సీఏగా కొన్నేళ్ళు పనిచేశాక తెలిసింది, కంపెనీకి విలువ కట్టాలంటే ఆ చదువొక్కటే చాలదని. దానికి శిక్షణ వేరు, పరీక్ష వేరు, రిజిస్ట్రేషన్ వేరు. మొదటిసారి పరీక్ష తప్పాను. మళ్ళీ రాసి గట్టెక్కాను.

నాకు వచ్చిన తొలి పని జమ్మలమడుగు దగ్గరి బండల పాలిష్ ఫ్యాక్టరీ. ఇద్దరు స్నేహితులు పెట్టుకున్న చిన్న కంపెనీ అది. పులివెందులాయన అమ్మకాలు చూసేవాడు. జమ్మలమడుగాయన ఏళ్ళ తరబడి రాతి దుమ్ములో నిలబడి కోత చూశాడు. ఆ దుమ్ము ఆయన ఊపిరితిత్తులను తినేసింది. వాటా స్నేహితుడికి అమ్మి, వచ్చినదాంతో వైద్యం చేయించుకోవాలని ఆయన ఆశ.

నేను వెళ్ళేసరికి షెడ్డు బయట మంచం మీద కూర్చుని దగ్గుతున్నాడు.

"ఈ మిషన్లన్నీ నేను బిగిచ్చినవే పాపా. సూసి రాయి," అన్నాడు.

చూశాను. జనమంతా టైల్స్‌కు మళ్ళారు. ఆర్డర్లు ఏటికేడు పడిపోయాయి. మిషన్ల మీద బ్యాంకు అప్పు అట్లాగే ఉంది. ఎటునుంచి లెక్క వేసినా వాటాదారులకు మిగిలేది ఏమీ లేదు.

ఆ సంగతి ముందు పులివెందులాయనకు ఫోన్ చేసి చెప్పాను. వాటా చవగ్గా వస్తుందని సంతోషిస్తాడనుకున్నాను. ఆయన బతిమాలాడు.

"రొంత ఎక్కువ రాయి పాపా. నీ రిపోర్టు సూసే బ్యాంకోళ్ళు నాకు అప్పిస్తామంటాండారు. ఆ దుడ్లతో వాన్ని హైదరాబాదుకు తీస్కపోతా."

"అది బ్యాంకును మోసం చేసినట్టయితాది మామా. నేను రాయలేను."

"మనిషి పోతాండాడు, పాపా!"

అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు జమ్మలమడుగు వెళ్ళి జబ్బు మనిషికి నేనే చెప్పాను.

"ఏమీ లేదా?" అని అడిగాడు.

"విలువ లేనిది కంపెనీకి మామా. మీకు కాదు."

"నాకు రెండూ ఒకటే గదా," అని షెడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు.

పులివెందులాయన వీరపునాయునిపల్లె దగ్గరున్న తన చేను అమ్మి స్నేహితుణ్ణి హైదరాబాదు తీసుకుపోయాడు. శానా ఆలస్యమైందన్నారు డాక్టర్లు. వానలు పడకముందే జమ్మలమడుగాయన పోయాడు.

అంత్యక్రియల రోజు చర్చిలో ప్రార్థన అయ్యాక పులివెందులాయన పక్కకు వెళ్ళి కూర్చున్నాను. ఆయన వెంటనే లేచాడు.

"నువ్వు తప్పు చేసినావని అనలేదు పాపా," అన్నాడు మెల్లగా. "నీ పక్కన కూచునేకి నాకు చేతకాదు, అంతే."

వెనక వరసలోకి పోయి గోడకానుకుని నిలబడ్డాడు.