టార్చ్ బ్యాటరీ

బెడోక్ వెళ్లే బస్సులో ఉన్నట్టుండి నా ప్యాంటు జేబు చుర్రుమంది. నేను పీల్చే ఈ-సిగరెట్, అదే వేప్‌లో వేసే బ్యాటరీని నిండా చార్జ్ చేసి, ఇంటి తాళాలతో పాటే అందులో పడేశాను. అరుస్తూ లేచాను. పక్క సీట్లోని షిప్‌యార్డు పనివాడు నా జేబులో చెయ్యి పెట్టి, దాన్ని లాగి కింద పడేశాడు.

"తాళాలతో కలిపి ఎట్టీసినావేటి బాబూ? ఇనుము తగిల్తే పేలిపోతాది," అన్నాడు. అంతకుముందు ఫోన్లో నా తెలుగు విన్నట్టున్నాడు.

డ్రైవర్ బస్సు ఆపి వచ్చాడు. "ఎవరిదిది?" అని ఇంగ్లీషులో గద్దించాడు. ఈ పరాయి దేశంలో వేప్ దగ్గరుంటేనే నేరం. ఆ పనివాడు నా ముఖం చూశాడు.

"నాదే అంకుల్. టార్చ్ బ్యాటరీ," అన్నాడు.

డ్రైవర్ అతన్ని దిగిపొమ్మన్నాడు. అరచేయి బొబ్బలెక్కుతుండగా, చల్లారిన బ్యాటరీని రుమాల్లో చుట్టుకుని దిగాడు. ఫిర్యాదు వెళితే అతని వర్క్ పర్మిటే పోవచ్చని నాకు తెలుసు. అయినా కదల్లేదు. కింద నుంచి అతను పర్లేదన్నట్టు తలూపితే, ఎవరో తెలియనట్టు ఫోన్ చూసుకున్నాను.

ఆ వారమే వేప్ మానేశాను. ఎందుకని మా ఆవిడ అడిగితే, ఆరోగ్యం కోసమని చెప్పాను.