హ్యాజ్ గాన్‌కి గడువెంత?

ఈ ఉదయం మా ఆవిడ నర్సీపట్నంలో ఉన్న చెల్లెల్ని చూసి రావడానికి బస్సెక్కింది. నేను ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా వెళ్ళి, ఆమెకు కిటికీ పక్కన సీటు దొరికేవరకూ నిలబడి, ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుని, అలవాటు ప్రకారం డైరీ తెరిచాను. నా డైరీ ఇంగ్లీషులో ఉంటుంది. నీటిపారుదల శాఖలో గుమాస్తాగా చేరిన కొత్తలో మా హెడ్డు గుమాస్తా, ‘రోజుకు నాలుగు ముక్కలు ఇంగ్లీషులో రాయవోయ్, ఫైలు మీద నోట్ రాసేటప్పుడు చెయ్యి వణకదు’ అన్నాడు. ఆయన రిటైరయ్యాడు, ఆయన కుర్చీలో కూర్చుని నేనూ రిటైరయ్యాను, ఆ అలవాటు మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది. ‘మై వైఫ్ హ్యాజ్ గాన్ టు నర్సీపట్నం’ అని రాసి చుక్క పెట్టాను. పెన్ను మూత పెట్టకముందే, ఎవరూ లేని ఇంట్లో గట్టిగా, ‘వచ్చేస్తుంది’ అన్నాను. పెరట్లో గిన్నెలు తోముతున్న పనిమనిషి, ‘ఎవలండీ వచ్చేది?’ అని లోపలికి తొంగి చూసింది. ఏం చెప్పను? ఆ ఇంగ్లీషు మాట రాశాక ఈ తెలుగు మాట పైకి అనకుండా ఉండటం నాకు కొన్నేళ్ళుగా చేతకావడం లేదు. నాకా అలవాటు చేసింది ఒక నాన్నమ్మ, ఆమె మనవరాలు.

మా వీధికి చేపలు తెచ్చే ఆమెది సముద్రం ఒడ్డున ఊరు. తెల్లవారగానే రేవులో చేపలు వేలం పాడుకుని, ఆటోలో అనకాపల్లి చేరి, నెత్తిన సత్తు బేసిను పెట్టుకుని వీధులన్నీ తిరుగుతుంది. మా ఇంటి అరుగు మీద బేసిను దించిందంటే నేను పేపరు మడిచి పక్కన పెట్టేవాణ్ణి. ఆమెకూ మా ఆవిడకూ జరిగే బేరం పేపరుకంటే బాగుండేది. ‘సూడండమ్మా, ఇంకా కళ్ళార్పుతంది!’ అని ఆమె వంజరం మొప్ప ఎత్తి చూపించేది. ‘ఆర్పడం కాదే, నీ అబద్ధాలు వినలేక కళ్ళు తేలేసింది’ అనేది మా ఆవిడ. ఒక చలికాలం ఆదివారం ఆమె వెనకాల పదమూడేళ్ళ పిల్ల ఒకతె వచ్చి, బేరంతో తనకేమీ సంబంధం లేనట్టు మెట్టు మీద కూర్చుని, సంచిలోంచి గైడు తీసి చదువుకోవడం మొదలుపెట్టింది. పెదవులు కదులుతున్నాయి. ‘కూతురండి’ అంది చేపలామె. ‘లెక్కలన్నీ సేసేత్తాది. ఇంగిలీసే దీన్ని ముంచేత్తంది.’

సంగతేమిటంటే, వాళ్ళ ఊరి బడి ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. పై చదువుకు రోజూ హైవే దాటి దూరం వెళ్ళాలి. ఆ పిల్ల నాన్నమ్మ దానికి ససేమిరా అంది. అక్కడే ఉండి చదువుకునే రెసిడెన్షియల్ స్కూల్లో తొమ్మిదో తరగతికి ఎంట్రన్సు రాసి సీటు తెచ్చుకుంటే పంపిస్తుందట. రాకపోతే ఇంట్లో కూర్చుని వల ముడులు నేర్చుకోవాలట. ఆ ఇంట్లో నాన్నమ్మ మాటకు అప్పీలు లేదు. పిల్ల చేతిలోని గైడు మూడోనాలుగో చేతులు మారినట్టుంది. పాత యజమానులెవరో బాల్‌పెన్నుతో పెట్టిన టిక్కుల్లో సగం తప్పులు. నాకది చూసి చెయ్యి ఊరుకోలేదు. ‘మీ అమ్మ వీధులు తిరిగి వచ్చేదాకా ఇక్కడే కూర్చో, నేను చెబుతాను’ అన్నాను. ఆ ఏడాది ఆదివారాలన్నీ అలాగే గడిచాయి.

నేను ఏ పనైనా గళ్ళు గీయందే మొదలుపెట్టను. కాగితానికి నిలువు గీతలు కొట్టి, ఒక గడిలో అలంకారం పేరు, పక్కన అర్థం, దాని పక్కన ఉదాహరణ రాయమన్నాను. ఉదాహరణలు సొంతంగా ఉండాలన్నాను. సిమిలీకి, అంటే ఉపమకి, ఆ పిల్ల, ‘మా నాన్నమ్మ గొంతు ఇంజను బోటులాగుంటాది’ అంది. మెటఫర్ అంటే ‘లాగ’ అనే మాట తీసేయడమని చెబితే, కాస్త ఆలోచించి, ‘మా నాన్నమ్మే ఇంజను బోటు’ అంది. హైపర్బొలీకి, అంటే అతిశయోక్తికి, ‘మా నాన్నమ్మ కేకేత్తే విశాఖపట్నంలో ఓడలు ఆగిపోతాయి’ అంది. ఆ కాగితంలో ఏ గడి చూసినా నాన్నమ్మే కూర్చుని ఉండేది. మనిషిని చూడకుండానే నాకు ఆమె అంటే కొంచెం భయం పట్టుకుంది.

యూఫెమిజం చెప్పిన రోజు బాగా గుర్తుంది. కఠినమైన సంగతిని మెత్తని మాటతో చెప్పడం అని నేను వివరిస్తుంటే, లోపలినుంచి మా ఆవిడ, ‘ఏవండోయ్, బియ్యం నిండుకున్నాయి’ అని కేకేసింది. ‘అదిగో, అదే!’ అన్నాను. పిల్ల కళ్ళు మెరిశాయి. ‘అయిపోనాయి అనకూడదు కదండీ మరి. దీపం ఆరిపోయిందనం, కొండెక్కిందంటాం. రేత్రిపూట పాముని పురుగంటాం’ అని గబగబా చెప్పి, నా ముఖంలోకి చూసి, ‘అయితే తాతగారూ, ఇంగిలీసోళ్ళకీ బయమేనాండీ?’ అంది. నేను ఆ మాటను చదువుకున్నాను, అర్థం బట్టీపట్టాను, ఆఫీసు లెటర్లలో వాడాను కూడా. దాని వెనక భయం ఉంటుందని మాత్రం ఎన్నడూ తోచలేదు. ఏ దేశంలో, ఏ చీకట్లో, ఎవరు ఏ పేరు పైకి అనడానికి జంకి ఆ మొదటి మెత్తని మాట అన్నారో!

ఆ తరువాత వచ్చింది గొడవ. హ్యాజ్ బీన్, హ్యాజ్ గాన్ అని గైడులో ఒక పేజీ ఉంది. వెళ్ళి తిరిగి వచ్చేస్తే మొదటిది, వెళ్ళి ఇంకా రాకపోతే రెండోది. పిల్ల సూత్రాన్ని తడుముకోకుండా అప్పజెప్పింది. మాస్టారు ఢిల్లీ వెళ్ళారు, అక్క గుడికి వెళ్ళింది, అన్నీ సరిగ్గా నింపింది. నేను ఉత్సాహం కొద్దీ ఆమెకు దగ్గరగా ఉంటుందని సొంతంగా ఒక వాక్యం కట్టాను: మా నాన్న సముద్రానికి డాష్, రేపు తిరిగి వస్తాడు. అందులో ఆమె ‘హ్యాజ్ బీన్’ అని రాసింది. కొట్టేసి మళ్ళీ రాయమన్నాను. మళ్ళీ అదే. ‘రేపు కదా వచ్చేది? ఇప్పుడు ఇంట్లో లేడు కదా?’ అంటే తలూపింది. పెన్సిలు తీసుకుంది. మళ్ళీ అదే రాసింది. తెలిసి తప్పు రాసే విద్యార్థిని నేను అంతవరకు చూడలేదు.

అప్పుడే బేసిను ఖాళీ చేసుకుని తల్లి వచ్చింది. విషయం విని గుండెల మీద చెయ్యి వేసుకుంది. ‘ఓలమ్మో! అలా రాయించకండి బాబూ. వోళ్ళ నాన్న ఇప్పుడు ఏటలోనే ఉన్నాడు’ అంది. చేపలవేటను వాళ్ళు ఏట అంటారు. ‘మా మావ ఏటకెల్లిన రోజున పక్కింటోళ్ళొచ్చి ఉన్నాడేటే అని అడిగితే, మా అత్త పొయ్యికాడ పనిలో ఉండి, ఎల్లిపోనాడు అనేసిందంట. వత్తాడు అన్లేదంట. అంతే బాబూ. పడవా రాలేదు, మనిషీ రాలేదు. అప్పట్నించీ మగోడు నీళ్ళ మీదుండగా ఎల్లేడన్న మాట మా ఇంట్లో పలకనీదు. ఎల్లొత్తాడు అనాల.’

నేను వీధి చివర కూరగాయలకు వెళ్ళినా ‘వెళ్ళొస్తాను’ అనే అంటాను. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి అంటున్నాను. ఆ మాటలో వెళ్ళడానికి తిరిగి రావడాన్ని తాడేసి కట్టి ఉంచారని ఆ పూట తెలిసింది. ఆ పిల్ల ఇంగ్లీషు మొత్తం వెతికి, తాడున్న మాట ఏదో అదే ఏరుకుంది. వ్యాకరణం ప్రకారం తప్పు. పరీక్షలో ఒక మార్కు పోతుంది. ఆమె పోటీపడేది వేలమందితో, సీటు పోవడానికి ఒక్క మార్కు చాలు.

మరుసటి ఆదివారం తల్లి ఒక్కతే వచ్చింది. బేరం కూడా సరిగ్గా ఆడలేదు. ‘మా అత్త ఒద్దన్నాదండి’ అంది బేసినులోకి చూస్తూ. ‘ఆ బాబు మా వోణ్ణి సముద్రంలో వొగ్గేసి రమ్మంటన్నాడు, అలాటి సదువు మనకొద్దు అంటంది. పరీచ్చకీ పంపదంట.’ నాకు నోట మాట రాలేదు. మా ఆవిడకు వచ్చింది. ‘మీ గ్రామరు తగలెయ్యా! పిల్ల చదువు గంగలో కలిపేరు. లేవండి, చొక్కా వేసుకోండి’ అంది. ఆ మధ్యాహ్నమే చేపలామె ఎక్కిన ఆటోలోనే మేమూ వాళ్ళ ఊరు వెళ్ళాం.

ఇసకలో ఒడ్డుకు లాగి పెట్టిన పడవ నీడన నాన్నమ్మ వల బాగుచేస్తోంది. సన్నటి మనిషి. నుదుట రూపాయంత బొట్టు, చేతులనిండా గాజులు. పిల్ల ఆమె వెనక దారపుకండె పట్టుకుని నిలబడి ఉంది, నన్ను చూసి తల దించుకుంది. ‘నువ్వేనా బాబూ ఇంగిలీసు సెప్పేది?’ అంది నాన్నమ్మ. ఇంజను బోటు అన్నది హైపర్బొలీ కాదని అర్థమైంది. ‘మా వోడు నీకేటి సేసేడు? ఎందుకలా తోలేత్తన్నావు?’

నేను కూర్చుని ఇసకలో వేలితో రెండు గీతలు గీశాను. ఒకటి సముద్రం వైపు వెళ్ళి వంపు తిరిగి ఒడ్డుకు వచ్చేసింది. రెండోది వెళ్ళి అక్కడే ఆగింది. ‘అమ్మా, ఇంగ్లీషులో ఈ రెంటికీ రెండు మాటలున్నాయి. వచ్చేసినవాడికి ఇది, ఇంకా రావలసినవాడికి అది’ అన్నాను. ఆమె చేతిలో వల ఆగింది. మొదటి గీతను చూడలేదు. రెండోదాన్నే చూస్తూ ఉండిపోయింది.

‘సచ్చిపోనోడికి రాసేది ఇదేనా?’

‘కాదమ్మా. చనిపోయినవాడికి వేరే మాట ఉంది. ఇది వెళ్ళి ఇంకా రానివాడికి. ఇక్కడ లేడు, అక్కడ ఉన్నాడు అని.’

‘ఉన్నాడనేనా?’

‘ఉన్నాడనే.’

‘ఎన్నాళ్ళ దాకా సెల్లుతాది బాబూ, ఆ మాట?’

నా బీరువాలో వ్యాకరణ పుస్తకాలు ఒక అర నిండా ఉన్నాయి. వాటిలో ఎవరూ వేయని ప్రశ్న అది. మనసులోనే పుటలన్నీ తిరగేసుకున్నాను. ‘దానికి గడువు లేదమ్మా’ అన్నాను. అబద్ధం కాదు. ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాను, గడువు పెట్టిన పుస్తకం కనబడలేదు.

ఆమె వలను ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టింది. తరువాత, ‘ఊరందరూ పోనాడంటారు. నాను రాలేదంటాను. నాకు పిచ్చంటారు’ అని, మనవరాలి వైపు తిరిగి, ‘ఓలే, ఆ మాటేదో మీ తాతకి రాయి’ అంది. పిల్ల మోకాళ్ళ మీద కూర్చుని ఇసకలో ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే రాసింది: మై గ్రాండ్‌ఫాదర్ హ్యాజ్ గాన్ టు ద సీ. నాన్నమ్మకు చదువు రాదు. అయినా మొదటినుంచి చివరిదాకా తల తిప్పుతూ చూసి, కోళ్ళు తొక్కకుండా ఆ వాక్యం చుట్టూ వల అంచును లాగి పెట్టింది. ‘మంచి మాటే ఉంది వోళ్ళకి’ అంది. నా ముప్పై ఏళ్ళ ఇంగ్లీషులో ప్రెజెంట్ పర్ఫెక్ట్ టెన్సును అంత గౌరవంగా చూసుకున్నవాళ్ళు లేరు. నేనూ చూసుకోలేదు.

‘మరి నాన్నకో? పరీచ్చలో అడిగితేనో?’ అంది పిల్ల మెల్లగా. నాన్నమ్మ ఆలోచించింది. ‘అడిగితే రాయి. రాసి, ఎంటనే వచ్చేత్తాడను. నోటితో అను. మనసులో అనుకుంటే సముద్రానికి ఇనపడదు.’

పరీక్ష అనకాపల్లిలోనే జరిగింది. మేమందరం సెంటరు బయట నిలబడ్డాం. ఆ రోజు వేట మానుకుని తండ్రి కూడా వచ్చాడు. పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చి, ‘అడిగేరండీ తాతగారూ! అయితే నాన్న బజారుకెల్లేడని అడిగేరు. బజారైనా నాన్న నాన్నే కదండీ’ అంది. హ్యాజ్ గాన్ అని నింపి, వెంటనే పైకే ‘వచ్చేత్తాడు’ అందట. కాపలా మాస్టారు, ‘ఎవరమ్మా వచ్చేది?’ అన్నాడట. ‘మా నాన్నండి.’ ‘వస్తే గేటు దగ్గర ఉంటాడు, నువ్వు పేపరు చూసుకో’ అన్నాడట ఆయన. నిజంగానే గేటు దగ్గరే ఉన్న తండ్రి, తనకోసం లోపల ఏం జరిగిందో అర్థంకాక అందరి ముఖాలూ చూస్తున్నాడు.

సీటు వచ్చింది. బయలుదేరిన రోజు ట్రంకు పెట్టెతో ఆటోను మా ఇంటి ముందు ఆపించి, పిల్ల మా ఇద్దరికీ దణ్ణం పెట్టి, ‘వెళ్ళొత్తానండి’ అంది. కూడా వచ్చిన నాన్నమ్మ అక్కడే దిగిపోయింది, మళ్ళీ ఆటో ఎక్కలేదు. అది మలుపు తిరిగేవరకు మా గేటు పట్టుకుని నిలబడి, ‘బాబూ, ఇప్పుడు దీనికే మాట రాయాల?’ అని అడిగింది. ‘అదేనమ్మా, హ్యాజ్ గాన్’ అన్నాను. ఆమె వీధి చివరికి తిరిగి, ‘వచ్చేత్తాది!’ అని అరిచింది. కొట్టు ముందు నిలబడ్డవాళ్ళు కూడా వెనక్కి తిరిగి చూశారు. ఆ పిల్ల ఇప్పుడు అక్కడే ఇంటరు చదువుతోంది. ప్రతి సెలవులకూ వచ్చేస్తోంది. నాన్నమ్మ వల బాగుచేస్తూనే ఉంది.

సాయంత్రం బస్సుకు మా ఆవిడ దిగింది. గేటు దగ్గరే నన్ను చూసి, ‘ఏటండీ, ఇక్కడ నిలబడిపోయేరు?’ అంది. ‘ఊరికే’ అన్నాను. లోపలికి వచ్చి డైరీలో ఉదయం రాసిన వాక్యం కింద, ‘షి హ్యాజ్ బీన్ టు నర్సీపట్నం’ అని రాసి మూత పెట్టాను. తరువాత ఎందుకో బీరువాలోని పాత డైరీలు చూడాలనిపించి కాసేపు తిరగేశాను. మా అమ్మ, మా అన్నయ్య, ఆ హెడ్డు గుమాస్తా, అందరి గురించీ ఎప్పుడో ఒకప్పుడు ఫలానా చోటికి హ్యాజ్ గాన్ అని రాసుకున్నాను. కొందరి వాక్యాల కింద తిరిగి వచ్చినట్టు రాసి ఉంది, కొందరి కింద ఖాళీగా ఉంది. కాలం గడిచిపోయిందని అందరితోపాటు నేనూ అంటూ ఉంటాను. ఆ ఖాళీల ముందు కూర్చుంటే మాత్రం, కాలం వెళ్ళింది, ఇంకా రాలేదు అని రాయడమే సరైన వ్యాకరణం అనిపిస్తుంది.