ఆరున్నొకటో స్థానం

ఒక పాట ఎంత గొప్పదో పోస్టుకార్డులు లెక్కపెట్టి తేల్చిన కాలం ఒకటుండేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఆ కాలం ముగింపుకు వచ్చేసింది గానీ, మా ఖమ్మం జిల్లా అడవి అంచు ఊళ్లకు ఏదైనా కాస్త ఆలస్యంగా వచ్చి కాస్త ఆలస్యంగా పోయేది కాబట్టి, అందులో నాకూ కొంత వాటా దక్కింది. అంతకు చాలా ముందు, మా నాన్నల రోజుల్లో, సముద్రం అవతలి రేడియో స్టేషన్ నుంచి వారానికోసారి హిందీ పాటల వరస చదివేవారట. దుకాణాల్లో ఏ రికార్డు ఎంత అమ్ముడుపోయిందో, శ్రోతల సంఘాలు దేనికి ఓటేశాయో కలిపి మెట్లు కట్టేవారట. అడుగు మెట్టు నుంచి మొదలుపెట్టి పైకి రావడం, ఒకటో మెట్టు దగ్గర ఆగి ఊరించడం, అంతా వాళ్లు పెట్టిన ఒరవడే. మా జిల్లా రేడియో స్టేషన్‌కు అంత సరంజామా లేదు. మాకు తెలిసిన రికార్డుల దుకాణం బస్టాండు పక్కన క్యాసెట్ల బండి ఒక్కటే. ఏది ఎక్కువ పోతోందని ఆ బండి ఆయన్ని అడిగితే, అమ్ముడుపోక మిగిలిన క్యాసెట్ పేరు చెప్పేవాడు. (ఇది నేను రెండుసార్లు సరిచూసుకున్నాను.) అందుకని మాది ఒట్టి కార్డుల లెక్క. కార్డుకు ఒక ఓటు, ఆదివారం సాయంత్రం పది పాటలు, పది నుంచి ఒకటికి.

మాది జూలూరుపాడు దగ్గర పల్లె. ఇంటర్‌లో నేను లెక్కల్లోనే తప్పాను. అయినా మా వైపు నాకు లెక్కల మనిషి అని పేరు. ఆ విద్య మా అమ్మది. చర్చిలో కోత పండుగకు విశ్వాసులు తెచ్చిన వడ్లు కుంచంతో కొలిచేది అమ్మే, పక్కన కూర్చుని గీతలు గీసేది నేనే. కొలిచేవాళ్లు ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు అని సాగుతుంది. ఆరు తర్వాత ఏడు అనరు, ఏడుపు మాట గింజల మీద పడకూడదని ఆరున్నొకటి అంటారు. ఒకసారి పాస్టరు గారు నవ్వుతూ, "ఏడు పరిపూర్ణ సంఖ్య కదమ్మా, దానికి భయమెందుకు?" అన్నారు. అమ్మ కుంచం దించకుండానే, "బైబిల్‌ల ఏడే అయ్యగారూ, కుంచం కాడ ఆరున్నొకటే" అంది. పదేళ్లు ఆమె పక్కన కూర్చున్నాను. నా నాలుక మీద అంకెలు ఆ వరసలోనే గట్టిపడ్డాయి. ఆ సంగతి నాకు తెలియదు, ఎందుకంటే ఏడు అనవలసిన పని అప్పటిదాకా పెద్దగా పడలేదు.

నన్ను స్టేషన్‌కు తీసుకుపోయింది గొంతక్క. ఆమె గొంతు చూసి అందరూ పెట్టుకున్న పేరది. మా చర్చి పాటల బృందంలో ముందు వరస ఆమెది. రేడియోలో క్యాజువల్ అనౌన్సరుగా చేసేది, పాటల వరస చదివేది ఆమే. కార్డులు గుట్టపడుతున్నాయి, లెక్కపెట్టే దిక్కు లేదు అంటే నేను పోయాను. పనిలో దిగాక చాలా విషయాలు తెలిశాయి. ముదిగొండ నుంచి ఒకే శ్రోతల సంఘం వాళ్లు నలభై పేర్లతో నలభై కార్డులు రాస్తారు, కానీ సిరా ఒకటే, 'శ' రాసే తీరు ఒకటే. అలాంటివి ఒక ఓటు కింద కట్టేవాణ్ణి. స్టేషన్‌లో మా పైన ఉండే సార్‌కు ఇది నచ్చింది. ఆయనది ఖమ్మం టౌను, మాట తక్కువ మనిషి. "నీ గొంతు గూడ సాఫ్‌గనే ఉన్నది. మూడు నెలలు అక్క పక్కన కూసోని నేర్చుకో. ఒక్క ప్రోగ్రాం తప్పు లేకుండ చదివితే ప్యానెల్‌ల నీ పేరు రాస్త" అన్నాడు. ప్యానెల్ అంటే నెలకు ఐదారు డ్యూటీలు, అంతకు మించి ఏమీ కాదు. కానీ ఇంటర్ తప్పినవాడి గొంతు మా మండలంలో ప్రతి ఇంట్లో వినపడటం అంటే నాకు అది ఐదారుకు చాలా ఎక్కువగా కనిపించింది. అమ్మకు చెప్పాను. అమ్మ వీధి మొత్తానికి చెప్పింది. ఇక వెనక్కు రావడానికి దారి లేకుండా పోయింది.

మూడు నెలలు నిండే ఆదివారం, మూడు రోజుల చర్చి కూడికల్లో పాడి పాడి గొంతక్క గొంతు పూర్తిగా పోయింది. వచ్చి కూర్చుంది గానీ నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రావడం లేదు. సార్ ఆమెను చూసి, నన్ను చూసి, "ఇయ్యాల నువ్వే చదువు" అన్నాడు. నా ముందు కాగితం మీద అంకెలు, ఎదురుగా పాటల పేర్లు, అన్నీ నేను రాసుకున్నవే. పదో స్థానం, తొమ్మిదో స్థానం, ఎనిమిదో స్థానం నల్లేరు మీద బండిలా నడిచాయి. తర్వాత నేను నిదానంగా, నా గొంతు నాకే బాగుందనుకుంటూ, "ఇప్పుడు ఆరున్నొకటో స్థానంలో ఉన్న పాట" అన్నాను. గొంతక్క తల ఎత్తింది. పాట మొదలై మైకు మూసుకోగానే రెండు చేతులూ లేపి ఏడు వేళ్లు చూపించింది. లెక్కపెట్టాను, ఏడే. కాగితం చూశాను, ఏడే. సరిపోయిందని తల ఊపాను. ఆమె ఇంకా గట్టిగా ఊపింది ఆ వేళ్లను. లెక్కలో అనుమానం వస్తే రెండోసారి చూడటం నా అలవాటు కాబట్టి మళ్లీ లెక్కపెట్టాను. అప్పుడూ ఏడే. ఆమె చేతులు దించేసి, పాపం, నీళ్లు తాగింది. ఆరు నుంచి రెండు దాకా మళ్లీ బాగానే చదివాను. చివరికి, ఊరించడానికి కాసేపు ఆగి మరీ, "ఇక ఈ వారం లాభం పాట" అన్నాను. గొంతక్క బల్ల మీద తల వాల్చేసింది. అంత బాగా చదివానా అనుకున్నాను.

సార్ తలుపు తెరుచుకుని వచ్చాడు. అరవలేదు, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఆరున్నొకటి అంటే ఏందయ్యా?"

"ఏడు సార్."

"మరి ఏడు అనొచ్చు గద."

"అనొచ్చు సార్."

"మరి ఎందుకనలే?"

"నేను ఏడనే అన్న అనుకుంటున్న సార్."

ఆ వారం వచ్చిన కార్డులు నాతోనే లెక్కపెట్టించాడు. ఖమ్మం టౌన్ వాళ్లు ఆరున్నొకటిని ఆరూ ఒకటీ అని విని, ఒకే పాట ఆరో స్థానంలోనూ ఒకటో స్థానంలోనూ ఎట్లుంటుంది, మళ్లీ ఆరో స్థానంలో వేరే పాట ఎట్లొచ్చింది, ఇందులో మోసం ఉంది అని రాశారు. పల్లెల నుంచి కొందరు, రేడియోలో మనోడొకడు కూర్చున్నాడని సంతోషించారు. మిగతావి వేరే రకం. చండ్రుగొండ వైపు నుంచి ఒకాయన, "లాభం పాట ఏ సినిమాలది? మా తమ్ముని పెళ్లిల పెట్టియ్యాలె, మళ్లొకసారి వెయ్యుండ్రి" అని రాశాడు. అలాంటివి పద్నాలుగు. అన్నీ వేర్వేరు సిరాలు, వేర్వేరు చేతులు, ఒక్కదాన్నీ కొట్టేయడానికి లేదు. కాగితం పట్టుకుని సార్ దగ్గరకు పోయాను.

"సార్, లాభం పాటకు పద్నాలుగు ఓట్లొచ్చినయ్. పదో స్థానంల ఉన్న పాటకు పదమూడే."

సార్ కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. "లాభం అని పాటనే లేదు, లేని పాటను ఎట్ల వేస్తవయ్యా?"

"వెయ్యలేం సార్. కాని లెక్క ఒప్పుకుంటలేదు."

నిజాయితీకి మెచ్చాడో, విసుగెత్తిందో, ఇప్పటికీ తేల్చుకోలేను గానీ ఇంకొక్క అవకాశం ఇచ్చాడు. "వచ్చే శనివారం రా. మైకు ముంగట కూసోని ఒకటి నుంచి పది దాక లెక్కపెట్టు. గంతే. అది చాతనైతే పేరు రాస్త." ప్రపంచంలో ఇంత సులువైన పరీక్ష ఇంకెవరికైనా పెట్టారో లేదో తెలియదు. నాకు మాత్రం వారమంతా వేరే పని లేదు. లేస్తూనే ఏడు, పళ్లు తోముకుంటూ ఏడు, బర్రె దగ్గర ఏడు. రెండో రోజు అమ్మ చేట దించి, "పొద్దుగాల్నే ఎవల్ని ఏడువుమంటున్నవ్ రా?" అంది. పరీక్ష సంగతి చెప్పాను. చేట మళ్లీ అందుకుని, "గట్లయితే ఇంట్ల గాదు, రోడ్డు మీదికి పోయి అను" అంది. తునికాకు కోతకు పోయేవాళ్లు నన్ను దాటేటప్పుడు కొంచెం దూరం జరిగి నడిచేవారు. శుక్రవారం నాటికి ఏడు నా నోట్లో ఎంత సాఫీగా పలుకుతోందంటే, నిద్రలో లేపి అడిగినా ఆరున్నొకటి రాదు అన్న ధైర్యం వచ్చింది.

శనివారం సార్ అద్దం అవతల, గొంతక్క (గొంతు తిరిగొచ్చింది) ఆయన పక్కన. ఎర్ర దీపం వెలిగింది. నా మనసంతా ఏడు మీదే ఉంది, దాని దగ్గరకు ఎప్పుడెప్పుడు చేరుతానా అని ఉంది. సార్ చెయ్యి ఊపాడు. నేను గొంతు సవరించుకుని, స్పష్టంగా, "లాభం" అన్నాను.

దీపం ఆరిపోయింది. ఏడు దాకా పోనేలేదు. వారం రోజుల సాధన అంతా అలాగే మిగిలిపోయింది.

సార్ నన్ను పంపేయలేదు. అనౌన్సర్ల జాబితాలో కాక, కార్డుల గదిలో పెట్టాడు. అక్కడ రెండేళ్లు లెక్కపెట్టాను. తర్వాత జనం చేతుల్లోకి సెల్‌ఫోన్లు వచ్చాయి, కార్డులు తగ్గాయి. చివరి వారాల్లో పది పాటలకు సరిపడా ఓట్లే రాలేదు. కార్యక్రమం ఆగిపోయింది. ఆ గదిలో స్పీకరు ఉండేది కాదు. నేను కట్టలు కట్టేటప్పుడు అవతల మోగుతున్నదేమిటో నాకు వినపడేది కాదు.

మొన్న ఒక పెళ్లిలో గొంతక్క కలిసింది. జుట్టు నెరిసింది, మాట మాత్రం అదే. నేను కార్డుల గదిలోకి పోయిన ఏడాది వానాకాలంలో మూడు వారాలు ఒకటో స్థానం వదలని పాట ఏదిరా అని అడిగింది. పేరు చెప్పాను, ఏ వారం ఎన్ని ఓట్లో చెప్పాను, రెండో స్థానానికి ఎంత తేడానో కూడా చెప్పాను. "పల్లవి అందుకో మరి" అంది. ఎంత వెతికినా రాలేదు, ఎందుకంటే నేను ఎప్పుడూ వినలేదు. ఆమె నవ్వి, విస్తరి ముందు కూర్చునే నెమ్మదిగా పాడింది. చుట్టూ ఉన్నవాళ్లు తినడం ఆపి విన్నారు. నేనూ విన్నాను.

"మంచి పాటనే అక్కా" అన్నాను.

"ఇప్పుడు తెలిసిందారా? మూడు వారాలు ఫస్టు ఇచ్చినోనివి నువ్వే గద."

"ఓట్లొచ్చినయ్, ఇచ్చిన" అన్నాను. ఆమె ఇంకో చరణం అందుకుంది.