అవతలి ఒడ్డు జవాబు

మా బాపు పెళ్లి బ్యాండులో సాక్సోఫోన్ ఊదేవాడు. మేడ్చల్ చుట్టుపక్కల ఆయన బాజా మోగని బారాత్ లేదు. ముందు పళ్లు ఊడిపోయాక ఊదడం మానేసి ఆ బాజాను నా చేతికిచ్చాడు. నేను బౌరంపేట్‌లో ఒక బడిలో పిల్లలకు కీబోర్డు నేర్పుతాను. ఇంటికొచ్చాక బాపు కూర్చోబెట్టి సాధన చేయించేవాడు.

నగరంలో జాజ్ వాయించే ఒక చిన్న బృందానికి సాక్సోఫోన్ ఊదేవాళ్లు కావాలని తెలిసి ఆడిషన్‌కు పేరిచ్చాను. మొదట ఒక పాట ఉన్నదున్నట్టు వాయించాలి. తర్వాత వాళ్లు పియానో మీద ఒక ముక్క వాయిస్తారు. దానికి అప్పటికప్పుడు, ముందుగా అనుకోనిదేదో జవాబుగా ఊదాలి. మొదటిదానికి నాకు భయం లేదు. రెండోది తలుచుకుంటేనే నోరు ఎండిపోయేది. ఒక్క స్వరం తప్పినా గుర్రం మీది పెళ్లికొడుకు తిరిగి చూస్తాడని వింటూ పెరిగినదాన్ని. అలవాటైన దారి తప్ప నా వేళ్లకు ఇంకో దారి తెలియదు.

మా ఇంటి గోడలు పక్కింటివాళ్లతో ఉమ్మడి. గట్టిగా ఊదితే తలుపు తట్టేవాళ్లు.

"శామీర్‌పేట చెరువు కట్ట మీద ఊదు బిడ్డా," అన్నాడు బాపు. "నీ ఊపిరి ఎంత దూరం పోతాందో నీకే ఎర్కైతది."

అలా ఆ చలికాలం, బడికి వెళ్లేముందు, స్కూటీ మీద చెరువుకు వెళ్లడం మొదలుపెట్టాను. పొద్దున్నే నీళ్ల మీద మంచు దట్టంగా ఉండేది. అవతలి ఒడ్డు కనిపించేది కాదు. నేను ఒక ముక్క ఊది ఆపితే కాసేపటికి అదే ముక్క అవతలి ఒడ్డు నుంచి సన్నగా తిరిగొచ్చేది. ప్రతిధ్వని. నాకది ధైర్యంగా ఉండేది, ఎవరో తోడున్నట్టు.

ఒక పొద్దున అది మారింది. నేను కిందికి దించి ముగించిన ముక్కను అది పైకెత్తి ముగించింది. పొరపాటుగా విన్నాననుకుని మళ్లీ ఊదాను. ఈసారి ఇంకో రకంగా ముగిసింది. అవతల కూడా ఎవరో సాధన చేస్తున్నారనుకుని చేతులు నోటికి అడ్డం పెట్టి "ఎవరూ?" అని అరిచాను. నా అరుపు మాత్రం తిరిగి రాలేదు.

మర్నాడు బాపును వెంటబెట్టుకుపోయాను. ఆయన మఫ్లర్ విప్పి, కళ్లు మూసుకుని విన్నాడు. నేను ఊదడం ఆపాక కూడా అవతలిది చాలాసేపు సాగింది. బాపు నా చెయ్యి పట్టుకున్నాడు.

"మనిషి కాదు బిడ్డా."

"ఎట్ల జెప్తవ్ బాపూ?"

"అంతసేపు ఊదింది గద. మధ్యల ఒక్కపారి గూడ ఊపిరి తీస్కోలే."

ఇంటికి పోదాం పా అన్నాడు. ఆడిషన్ దగ్గరపడుతోందన్నాను. ఆయన మఫ్లర్ మళ్లీ చుట్టుకున్నాడు. "ఊదితే ఊదు గని, దాన్ని దేవులాడుకుంట మాత్రం పోకు," అన్నాడు. ఆ తర్వాత ఎంత పిలిచినా నాతో రాలేదు.

నేను మాత్రం వెతుక్కుంటూ పోయాను. ఆదివారం, మంచి ఎండ. చెరువు చుట్టూ తిరిగి, తుమ్మచెట్ల మధ్య స్కూటీ ఆపి అవతలి ఒడ్డుకు నడిచాను. అక్కడ ఒక ముసలామె బర్రెలకు గడ్డి కోస్తోంది. నన్ను చూసి నవ్వింది.

"ఇయ్యాల బాజా తేలేదా బిడ్డా?"

"నేను నీకెట్ల తెలుసు అవ్వా?"

"తెల్వకేంది? పొద్దుగాల రోజూ గా బండ మీద కూసోని ఊదవా!"

"నేను ఊదేది గా కట్ట మీద. గీడికి ఇదే మొదటిసారి వచ్చుడు."

ఆమె కొడవలి పక్కన పెట్టి చెరువు వైపు చూసింది. "కట్ట మీదనా? గాడ పొద్దుగాల ఎవ్వరుండరు. నువ్వు గీడనే ఉంటవు. ఎర్ర స్వెట్టర్ ఏస్కోని. ఎన్నిసార్లు పిలిచినా పలకవు. ఇయ్యాలనే పలికినవ్."

ఆ మధ్యాహ్నం నా ఒంటి మీద స్వెట్టర్ లేదు. పొద్దున్నే కట్ట మీదికి వేసుకెళ్లే ఎర్ర స్వెట్టర్ ఇంట్లో తలుపు వెనక వేలాడుతోంది.

నేను ఆ బండ దాకా వెళ్లలేదు. వచ్చిన దారినే స్కూటీ దగ్గరికి వెళ్లిపోయాను.

అయినా మర్నాడు మళ్లీ కట్ట మీదికి వెళ్లాను. ఎందుకు వెళ్లావంటే ఒకటే చెప్పగలను: నాకు కావలసింది నేర్పడానికి ఇంకెవరూ లేరు. ఆ రోజు నా పాట నేను ఊదలేదు. అది ముగించిన చోటునుంచి అందుకున్నాను. అది జవాబిచ్చింది, నేను మళ్లీ అందుకున్నాను. నా వేళ్లు ఎన్నడూ పోని చోట్లకు పోయాయి. భయం పోలేదు, అయినా లోపల ఏదో విచ్చుకుంటోంది. అంత సంతోషం నాకు ఏ పాటలోనూ దొరకలేదు.

ఆడిషన్ ముందురోజు నేను ఊది ఆపితే అవతలి ఒడ్డు పలకలేదు. మంచులో అలాగే నిలబడ్డాను. అప్పుడు నా వెనకే, కట్ట మీదే, ఊదబోయే మనిషి గుండెలనిండా తీసుకునే ఊపిరి వినిపించింది.

నేను వెనక్కి తిరగలేదు. చూపు నేల మీదే ఉంచి, బాజాను పెట్టెలో పెట్టకుండానే ఒళ్లో వేసుకుని స్కూటీ నడిపాను. మళ్లీ ఆ కట్ట ఎక్కలేదు.

ఆడిషన్‌లో పియానో వాయించినావిడ మెల్లగా ఒక ముక్క వాయించి నా వైపు చూసింది. నేను కళ్లు మూసుకుని అందుకున్నాను. చాలాసేపే సాగింది. చివర్లో ఆవిడ చేతులు పియానో మీదనుంచి తీసి అడిగింది.

"మీరు ఎప్పుడూ ఇంకొకరితో కలిసి సాధన చేస్తారా?"

"ఎందుకండీ?"

"ప్రతి ముక్క తర్వాతా ఆగుతున్నారు. నాకోసం కాదు. ఇంకెవరో అందుకోవాలన్నట్టు."

ఒక్కదాన్నే చేస్తానని చెప్పాను. వాళ్లు నన్ను తీసుకున్నారు. ఇప్పుడు సుచిత్ర చౌరస్తా దగ్గర బృందం అద్దెకు తీసుకున్న గదిలో, అందరి మధ్యా కూర్చుని ఊదుతాను.

మా మొదటి కచేరీకి బాపు వచ్చాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఎట్లుందని నేనే అడిగాను.

"మస్తుగ ఊదినవ్ బిడ్డా," అన్నాడు. నా వైపు చూడకుండానే, "గని నువ్వు ఊదుతాంటె గా చెరువు అవతల ఇన్నదే ఇనబడ్డది. నాకు భయమైంది," అన్నాడు.

మేడ్చల్‌లో దిగి, మిర్చిబజ్జీలు కట్టించుకుని, ఇంటికి నడిచాం.