అంబత్తూరు చెరువు కింద తుంగ

కాలేజీలో వృక్షశాస్త్రం రెండో ఏడు చదువుతుండగా ఒక చిన్న పరీక్షలో తప్పాను. బల్ల మీద పెట్టిన మొక్కల్లో మూడు తుంగలున్నాయి. మూడింటికీ గడ్డి అని రాశాను. మా మేడమ్ కోప్పడలేదు. "నీళ్లలో దిగి, పెరిగేచోట చూసి రా. నెల తర్వాత మళ్లీ పెడతాను," అంది.

పురసవాక్కంలో మా ఇంట్లో ఈ మాట చెబితే నాన్న ఒప్పుకోలేదు. "ఆడపిల్లవి, ఒక్కదానివే చెరువుల వెంట తిరుగుతావా?"

"నేను పోతా దాని తోడు," అంది వెనక గదిలోంచి అవ్వ.

అందరం అటు తిరిగాం. తాత పోయి రెండేళ్లయినా ఆవిడ వీధి గడప దాటలేదు. తన ముఖం ఎవరికీ ఎదురు రాకూడదనేది. అలాంటి మనిషి మర్నాడు పొద్దున్నే నాతో అంబత్తూరు రైలెక్కింది.

కార్తీకం వానలు వెలిసిన రోజులు. చెరువు కట్ట దిగితే కనుచూపు మేర తుంగే. అడుగున పలచగా నీళ్లు. కట్ట దగ్గర నడుమెత్తు ఏపుగా ఉన్న తుంగ, దూరం పోయేకొద్దీ పొట్టిదై చివరికి మామూలు గడ్డిలో కలిసిపోయింది. కొంగలు మమ్మల్ని లెక్కచేయకుండా తిరుగుతున్నాయి. నేను చెప్పులు విప్పాలా వద్దా అని చూస్తుండగానే అవ్వ చీర పైకి దోపుకుని దిగింది.

"ఈడ మోకాలి లోతు కూడా లేదు. దామే!" అని చెయ్యూపి పిలిచింది.

అవ్వ ఇలాంటి చెరువు కింది పల్లెలో పుట్టిన మనిషని అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఒక కాడ తుంచి నా చేతికిచ్చింది. "రెండు వేళ్ల మధ్య పెట్టి తిప్పు."

తిప్పాను. కాడ దొర్లలేదు. మూడు అంచులు ఒకదాని తర్వాత ఒకటి వేలికి తగిలాయి.

"గడ్డి కాడయితే దొర్లిపోతాది. ఇంతే తేడా. దీనికి కాలేజీ ఎందుకు?"

ఉత్సాహంతో ఒక దుబ్బు వేళ్లతో సహా పెరికాను. వెంటనే ఎవరో కేక వేశారు. తుంగ కోస్తున్న ఒకామె కొడవలితో మా వైపు వచ్చింది.

"ఏరుతో పీకతా ఉండావే! ఏరు ఉంటేనే గదా మళ్లా కోతకొచ్చేది? చాపలల్లుకుని బతికేవోళ్లం మేము."

తల వంచుకుని తప్పయిందన్నాను. పరీక్ష సంగతి అవ్వ చెప్పింది. ఆ చాపలామె మెత్తబడి, ఒడ్డున ఎద్దులు తొక్కి లేపిన దుబ్బొకటి ఏరి ఇచ్చింది.

"నువ్వొక్కదానివే కోస్తా ఉండావా?" అని అవ్వ అడిగింది.

"మా ఆయన పోయి ఆర్నెల్లు పెద్దమ్మా. ఆయన పోయిన నెలకే చెరువులోకి దిగినా. తుంగ ముదిరిపోతే చాపకు పనికిరాదు. అది మనకోసం ఆగతాదా?"

 అవ్వ చెయ్యి చాపింది. "ఆ కొడవలి ఇట్లా ఇయ్యి."

జానెడు మొదలు వదిలి, పిడికిలికి పిడికిలి కోస్తూ పోయింది. మొదట చెయ్యి తడబడింది, కాసేపటికి వాటం చిక్కింది. మధ్యాహ్నం దాకా ఆ ఇద్దరూ కోత గురించీ, ఎండబెట్టడం గురించీ, కాడలు చీల్చడం గురించీ మాట్లాడుకుంటూనే ఉన్నారు. అవ్వ నవ్వగా విని ఎంతకాలమైందో! నేను ఒడ్డున కూర్చుని పాత పేపర్ల మధ్య తుంగలు సర్దాను.

రెండోసారి పరీక్షలో ఒక్కటీ తప్పలేదు. అయినా మేము అంబత్తూరు వెళ్లడం మానలేదు. ఆ చలికాలమంతా నెలకోసారి వెళ్లాం. తుంగలు ఎండబెట్టి అంటించిన నా అట్టల మీద, లాటిన్ పేర్ల కింద ఆ ఇద్దరూ చెప్పిన పేర్లు, ఏది ఎంత నీటిలో ఉంటుందో, ఏది చాపకు ఆగుతుందో, ఏ తుంగ దుంప వాసనొస్తుందో రాసుకున్నాను. మేడమ్ అవి చదివి, "ఈ పెద్దావిడ మాకు కూడా చూపిస్తారా?" అని అడిగింది.

మరుసటి ఏడు వానలు తగ్గగానే తరగతి మొత్తం అంబత్తూరు స్టేషనులో దిగాం. అవ్వ అందరికంటే ముందు నడిచింది. కట్ట కింద నుంచి ఆ చాపలామె చెయ్యెత్తి పిలుస్తోంది.